ఇంటి మాట

“ముందు ఇంటి మాట చెప్పు. డబ్బు సంగతి తర్వాత.”

ఫోన్లో మగగొంతు తడబడింది. “ఏం మాటండీ? నేను కంపెనీ నుంచి మాట్లాడుతున్నా. మీ అమ్మాయి ఇవాళ ఉద్యోగంలో చేరుతోంది కదా, లాప్‌టాప్ డిపాజిట్ కట్టకపోతే...”

“తెలీదన్నమాట,” అంది ఆమె, చేతిలో కత్తెర కుట్టుమిషను మీద పెట్టి.

ఇక అందుకుంది. కూతురు ఉద్యోగం కోసమని ఏదో వెబ్‌సైట్లో నంబర్లు పెట్టిన దగ్గర్నుంచీ రోజూ ఇవే ఫోన్లు. అప్పు కావాలా అని ఒకడు, స్థలం కొంటారా అని ఒకావిడ, ఇంట్లో కూర్చునే నెలకి యాభై వేలు అని ఇంకొకడు. వాళ్ళందరి మీదా పేరుకున్న కోపం వీడి నెత్తిన కుమ్మరించింది. ఒళ్ళు వంచి పనిచేసుకోలేవా అంది. ఆడపిల్లల తల్లుల ఉసురు ఊరికే పోదంది. ఇంకా నోటికొచ్చినవన్నీ అంది. వాడు మధ్యలో పెట్టేయలేదు. నోరెత్తకుండా చివరిదాకా విని, “సరేనమ్మా, క్షమించండి,” అన్నాడు.

ఆమెకు కసి తీరింది. ఆ ఊపులో నాలుగు స్కూలు చొక్కాలకి కాలర్లు కుట్టేసింది.

ఇంటి మాట పెట్టాలన్నది ఆమే. కూతురు వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరుతోందనగానే వారం రోజులు కంటిమీద కునుకు లేదు. బస్సు బోల్తా పడుతుందేమో, పిల్ల ఫోను ఎవడైనా లాక్కుంటాడేమో, దాని పేరు చెప్పి ఎవడైనా తనని ముంచుతాడేమో. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. నిజంగా పిల్ల పంపిన కబురైతే అందులో ఆ మాట ఉండాలి. అది తెలిసింది ముగ్గురికే: తనకి, కూతురికి, వాళ్ళతోనే ఉంటూ సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే చెల్లెలికి.

మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి ఎవరో అమ్మాయి. మెత్తటి గొంతు.

“ఆంటీ, ముందు మీ అమ్మాయి చెప్పమన్న మాట చెప్తాను. వంకర గరిటె.”

ఆ మాటే. ట్రైనింగ్ గదిలోకి ఫోన్లు రానివ్వరట, గేటు దగ్గరే తీసుకున్నారట. అరగంటలో డిపాజిట్ కట్టకపోతే ఆ ఉద్యోగం లిస్టులో తర్వాతి పిల్లకి పోతుందట. కూతురికి చేసి చూస్తే స్విచాఫ్. పొద్దున తిట్టి పంపినవాడు కూడా నిజంగా కంపెనీవాడేనేమో, తన నోటి దురుసుకి పిల్ల నోటికాడ కూడు పోతుందేమో అనిపించింది. హాస్టల్ అడ్వాన్సుకని దాచిన ముప్పై రెండు వేలూ వాళ్ళు చెప్పిన నంబరుకి పంపేసింది.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. మొదటి రోజు కదా అని ఫోను ఆపి పెట్టుకుందట. పని బాగుందట. డిపాజిట్టా, ఎవరూ అడగలేదే అంది. మాట ఎవరికైనా చెప్పావా అంటే నవ్వింది. “వంకర గరిటె అని కొత్త ఆఫీసులో ఎవరికి చెప్తానమ్మా, నాకు సిగ్గుండదూ?” నవ్వడం ఆపాక అసలు సంగతి చెప్పింది. ఎల్లుండిలోగా అడ్వాన్సు కట్టకపోతే హాస్టల్లో మంచం ఇవ్వరట. ఉండటానికి చోటు లేకపోతే ఉద్యోగమూ లేనట్టే.

ఫోను పెట్టేసి ఆమె వేళ్ళు మడిచింది. పిల్ల కాదు. మిగిలింది ఒక్కతే.

చెల్లెలు పని నుంచి వచ్చేసరికి తన బట్టల సంచి గుమ్మం బయట ఉంది.

“ఎంతకి అమ్మావే?”

“ఏంటక్కా?”

“ఇంటి మాట. రోజంతా ఆ ఫోన్ల మధ్యే కదా నీ బతుకు. ఎవడికి చెప్పావు, ఎంతిచ్చాడు?”

చెల్లెలికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, నీ కూతురు నాకు కూతురు కాదా అంది. ఆ పిల్ల కొత్త చెప్పులు ఎవరు కొన్నారో అడుగు అంది. ఆమె వినలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదాని మాటలు తనకి అక్కర్లేదంది. ఈ గడప మళ్ళీ తొక్కొద్దంది. పక్క వాటాల వాళ్ళు తలుపులు తీసి చూస్తుంటే గొంతు ఇంకా పెంచింది.

“చూడండి, అందరూ చూడండి. పాముకి పాలు పోసి పెంచాను.”

చెల్లెలు ఏడవలేదు. సంచి భుజానికి తగిలించుకుని రెండు మెట్లు దిగింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

“నీకు వచ్చే ప్రతి ఫోనూ దానంతటదే రికార్డయ్యేట్టు పెట్టింది నేనే. నీ భయాలు పడలేకే పెట్టాను. ఆ ఫోన్ ఇలా ఇవ్వు. అందరిముందూ విందాం. నా వల్లే అని తేలితే ఈ జన్మలో నీకు మొహం చూపించను.”

“పెట్టు,” అంటూ ఆమె ఫోను చెల్లెలి చేతిలో కొట్టినట్టు పెట్టింది. “పొద్దున్నుంచీ పెట్టు. ఆ మొదటివాణ్ణి ఎలా కడిగేశానో కూడా అందరూ వినాలి. మోసగాళ్ళతో ఎలా మాట్లాడాలో నీకూ తెలిసొస్తుంది.”

చెల్లెలు సౌండు పెంచి బొటనవేలితో నొక్కింది. మెట్ల మీద, వరండాలో, పక్క వాటాల గుమ్మాల్లో అక్క గొంతు ఖంగుమంది.

“...నిజంగా నా కూతురే నిన్ను పంపి ఉంటే నోరు తెరవగానే వంకర గరిటె అని ఉండేవాడివిరా వెధవా. అన్నావా?”