లైల్ చేతి తూటా

నా భయమల్లా ఒక్కటే. ఎప్పుడో ఒకరోజు మా ఆయన తుపాకీ ఆయన మొహం దగ్గరే పగిలిపోతుందని.

మా ఆయన లైల్ తూటాలు కొనడు. పేల్చేసిన ఖాళీ తొడుగులు ఏరుకొచ్చి, కడిగి, మళ్ళీ తుపాకీమందు పోసి, కొత్త గుండు బిగిస్తాడు. మోంటానాలో మా లోయలో సగంమంది మగాళ్ళు ఈ పని చేస్తారు. కాకపోతే వాళ్ళు నోరు మూసుకుని చేస్తారు.

గ్యారేజీలో బల్లకి బిగించిన ఎర్ర ప్రెస్ ఒకటుంది, తొడుగుల్లో గుండ్లు నొక్కి బిగించేది. దానికి జరిగే సేవ మా పసిపిల్ల హ్యాటీకి జరగదు. డైపరుకి ముందేదో వెనకేదో ఆయనకి ఈనాటికీ తెలీదు. ప్రెస్‌కి మాత్రం వారంవారం నూనె పెడతాడు, మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. ఆ మెత్తటి గుడ్డ హ్యాటీ మూతి తుడిచేది. చలికాలం తుప్పు పడుతుందని దానికి రగ్గు కూడా కప్పుతాడు.

సేవ సరే, అసలు పని మొదలయ్యాకే నా ప్రాణాలు పోతాయి. ఒకదాంట్లో ఒకటి కలవకుండా బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలని లైల్ ఊరందరికీ చెప్తాడు. ఆయన బల్ల మీద మూడుంటాయి, పక్కన బీరు. ఎదురుగా టీవీలో ఫుట్‌బాల్. వరసగా తొడుగుల్లో మందు పోస్తూ ఉంటాడు. ఈలోగా ఆటలో ఏదో జరుగుతుంది, లేచి గెంతుతాడు. మళ్ళీ కూర్చున్నాక ఎక్కడిదాకా పోశాడో గుర్తుండదు. మందు పడని తూటా అయితే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, దాని వెనకాలే ఇంకోటి పేల్చాడా, అంతే సంగతులు. ఒకదాంట్లోనే మందు రెండుసార్లు పడితే ఆ వెనకాలది కూడా అక్కర్లేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "లైటు పెట్టి లోపలికి ఓసారి చూడరాదూ?"

ఆయన ఒక తొడుగు తీసి చెవి దగ్గర ఆడించాడు.

"చూసేది నేర్చుకునేవాళ్ళు. నాకు చెవికే తెలిసిపోద్ది. పదకొండో తరగతిలో బడి మానేసినదానివి, నీకెందుకే ఈ లెక్కలు? నిన్ను వదిలేస్తే కోళ్ళక్కూడా హెల్మెట్లు పెట్టేట్టున్నావు."

చెవికి తెలిసిందేంటో మాత్రం చెప్పలేదు. టీవీలో ప్రకటనలు అయిపోయాయి.

ఇంతా చేసి, ఆయన తూటాల కీర్తి లోయంతా పాకింది. ఏటా ఆగస్టులో తుపాకీ క్లబ్బువాళ్ళు గురి పోటీ పెడతారు. అంతకుముందు లైల్‌ని పట్టించుకున్నవాడు లేడు గానీ, హ్యాటీ పుట్టినప్పట్నుంచీ గెలిచేది ఆయనే. పిల్ల పుట్టిన వేళ మంచిదన్నారు అందరూ. చిల్లులు పడిన ఆ గురి కాగితాలు మా ఫ్రిజ్ తలుపు మీదున్నాయి, పిల్ల ఫొటోకి పైన.

కొట్టు తూటా అంటే ఆయన దృష్టిలో డబ్బాలో సూప్ లాంటిది, కడుపు నింపుద్ది గానీ రుచి ఉండదట. ఇంకొకడు నింపిన తూటా మన తుపాకీలో పెట్టకూడదన్నది ఇక్కడ అందరూ పాటించేదే. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, అది ఇంకొకడి పళ్ళబ్రష్షు నోట్లో పెట్టుకోవడమే అంటాడు. తొడుగులు కూడా ఒక్క కంపెనీవి తప్ప ముట్టడు. పక్కింటి ఓర్విల్ బాబాయ్ తొడుగులు నాలుగైదు వాడకాలకే మూతి దగ్గర చీలిపోతాయి. మా ఆయనవి ఎన్నాళ్ళు వాడినా నిన్న కొన్నట్టే మెరుస్తాయి. అదెలాగో బాబాయ్‌కి అంతుపట్టక ఒకరోజు అడిగేశాడు.

లైల్ ప్రెస్ నిమిరాడు. "అంతా పోషణ, బాబాయ్."

నేను పిల్లకి ముద్ద పెడుతూ తల దించుకున్నాను.

ఆయనకి నా మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. సరిగ్గా పోటీకి ముందు, వేటకి ముందే నాకు డైపర్లు గుర్తొస్తాయని. అంత దూరం పెట్రోలు కాల్చుకుంటూ ఊళ్ళోకి పోవాలా, ఏదైనా తనలాగా ఇంట్లో చేసుకోవడం నేర్చుకోవాలిగానీ అని సాధిస్తాడు.

నిన్న కూడా సాధించాడు. అయినా వెళ్ళాను. ఉన్న కొట్లన్నీ తిరిగాను. హ్యాటీ ఏడ్చి ఏడ్చి చంకలోనే నిద్రపోయింది.

ఇంటికొచ్చేసరికి ట్రక్కు లేదు.

మంచు పడేట్టుందని ఒకరోజు ముందే ఎల్క్ దుప్పుల వేటకి కొండ మీదికి బయల్దేరాడని ఓర్విల్ బాబాయ్ కంచె అవతల్నించి చెప్పాడు. బల్ల మీది తూటా డబ్బాలు కూడా తీసుకెళ్ళాడా అని అడిగాను. అవి లేకుండా ఎలా వెళ్తాడని ఎదురడిగాడు. కాస్త పైకెళ్ళి ఆయన్ని వెనక్కి పిలుచుకు రమ్మని బతిమాలాను. బాబాయ్ తన వాచిన మోకాలు చూపించి నవ్వాడు.

"ఈ ఏడు ఊళ్ళో కొట్లన్నీ ఖాళీ అయిపోయి, తూటాలు దొరక్క జనం తలలు పట్టుకున్నారు. నీకేమో ఇంట్లో చేసుకునే మొగుడు దొరికాడు. ఇంకా దేనికి తల్లీ భయం?"

కొండ దారిలో పాత మిల్లు దాటితే ఫోన్లు పలకవు. నా చిన్న కారు ఆ మంచులో మొదటి మలుపు కూడా ఎక్కదు. వేట రేపు పొద్దున్నే మొదలు.

హ్యాటీ పుట్టినప్పట్నుంచీ ఆయన చేసినవి తీసి పారేసి, అవే డబ్బాల్లో కొట్టు తూటాలు సర్దిపెడుతున్న నాకు ఈసారి ఒక్కటంటే ఒక్కటీ దొరకలేదు కాబట్టి, పాత మిల్లు దారిన పైకి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, మా లైల్ మొదటి దుప్పికి గురి పెట్టకముందే ఎలాగైనా ఆయన్ని ఆపండి.