పాత పలుపు

బట్టలు కుట్టే మిషనత్త ఆవుకి ఎడమ డొక్క డప్పులా ఉబ్బిపోయింది.

పొద్దున్నే కట్టు తప్పించుకుని, మంచు ఆరని లేత పచ్చిమేత మీద పడి మెక్కేసింది మరి.

పశువుల డాక్టరు ఫోనెత్తడు. అత్త మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంది. పొద్దస్తమానం ఆమె మాట్లాడేది ఆ ఆవుతోనే. అదీ పోతే ఇంట్లో మిగిలేది మిషను చప్పుడే.

"చెల్లెమ్మా, దాన్ని పడుకోనివ్వకు."

గేటు దగ్గర ఎవరో ముసలాయన. కాళ్లనిండా దుమ్ము.

"ఎవరయ్యా నువ్వు? చచ్చే గొడ్లను వాసన పట్టి తిరిగే బేరగాడివా?"

ఆయన గేటు తోసుకుని లోపలికొచ్చేశాడు. కొత్తవాళ్లు కనిపిస్తే కుమ్మే ఆవు, కదల్లేదు.

"ముందుకాళ్లు మిట్ట మీదికి ఎక్కించు. వంటనూనె తే. తాడూ, కర్రముక్కా కూడా."

నూనె కొంచెం కొంచెంగా తాగించాడు.

"తల మరీ ఎత్తకు చెల్లెమ్మా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

కర్రముక్కను దాని నోట్లో అడ్డంగా పెట్టి, తాడుతో కొమ్ముల వెనక ముడేశాడు. ఆవు కర్రను నములుతూ చొంగ కార్చింది. ఆయన డొక్క రుద్దుతూనే ఉన్నాడు.

కాసేపటికి వీధి చివరిదాకా వినపడేలా తేన్చింది.

"సిగ్గు లేదటే, పరాయి మనిషి ముందు!" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ.

"ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"ఇదుందిగా."

"అవున్లే. ఇదుంటే ఒంటరితనం తెలీదు." ఆయన చెయ్యి ఆవు గంగడోలు దగ్గర ఆగిపోయింది. "కాసేపు కూర్చోనా?"

అత్తకి మళ్లీ అనుమానం పుట్టింది.

"ఇక బేరం మొదలెడతావు, నాకు తెలుసయ్యా. దీన్ని అమ్మను. వెళ్లు."

"అమ్మకు చెల్లెమ్మా. ఎంత కష్టమొచ్చినా అమ్మకు."

తలొంచుకుని వెళ్లిపోయాడు. ఆవు గేటు వైపు తిరిగి అంబా అంది.

పొట్ట తగ్గాక, కర్ర తీద్దామని అత్త ముడి మీద చెయ్యి వేసింది. ఎంత దారపు చిక్కునైనా ఇట్టే విడదీసే వేళ్లకి అది లొంగలేదు. విసుక్కుంటూ కత్తెర కోసం లోపలికి వెళ్లింది.

కత్తెర తగిలించిన మేకుకే పాత పలుపు వేలాడుతోంది. సంతలో దళారి దగ్గర ఆవును కొని తెచ్చిన రోజున, దాని మెడలోంచి విప్పలేక కోసేసిన పలుపు.

అదే ముడి.

"అన్నా!" అంటూ అత్త వీధిలోకి పరుగెత్తింది.

దారిలో ఎవరూ లేరు. దూడనాటి నుంచీ తనను సాకిన మనిషి తిరిగిన మలుపు వైపే, నోట్లో కర్రతో, ఆవు చూస్తూ నిలబడింది.