ఒకే తానులో గుడ్డ

తెనాలిలో మ్యాచింగ్ సెంటర్లన్నీ పనివాళ్ల మెదడులోకి గ్రాన్యూల్ కణాలు ఎక్కించడం మొదలుపెట్టాయి. ఒకేలా కనిపించేవాటి మధ్య తేడా పట్టేది ఆ కణాలే. అవి లేకపోతే కౌంటర్లో చోటు లేదన్నారు. చీరలకు జాకెట్టు గుడ్డలు కలిపిచ్చే సువార్త కూడా ఎక్కించుకుంది.

ఇప్పుడు ఆమె కంటికి ఏ జాకెట్టు గుడ్డా ఏ చీరకూ కలవడం లేదు.

"ఇది ఈ చీరలోంచి కత్తిరించిన ముక్కేగా అమ్మాయ్!" అని బేరానికొచ్చినావిడ కసిరింది.

"కాదండీ, రంగు తేడా ఉందండీ," అంటూ సువార్త ఇంకో తాను లాగింది, మరోటి లాగింది. బల్ల నిండిపోయింది.

"రేపు కూడా ఇట్టాగే చేస్తే ఇంక రామాక," అన్నాడు ఓనరు.

మర్నాడు పొద్దున కూతురు కెజియాకు రెండు జడలేసి రిబ్బన్లు కట్టింది. విప్పింది. మళ్లీ కట్టింది. రెండూ ఒకే ముక్కలోంచి తను కత్తిరించినవే.

"బస్సెళ్లిపోద్దమ్మా! ఒక్క జడే వెయ్యి. ఒక్క రిబ్బనైతే దేంతోనూ కలపక్కర్లేదుగా!"

సువార్తకు ప్రాణం లేచొచ్చింది. పిల్లను ముద్దుపెట్టుకుని, జడలు విప్పి, జుట్టంతా వెనక్కి దువ్వి మూడు పాయలు తీసింది.

చేతులు ఆగిపోయాయి. మూడు పాయలూ ముగ్గురు పిల్లల జుట్టులా ఉన్నాయి.