ఈస్ట్‌కి దూరంగా

"ఆగండి! ఆ చొక్కాతో గుమ్మం దాటారంటే నా మీద ఒట్టు!"

బేకరీ మాస్టరు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశాడు. తెల్లవార్లూ పొయ్యి ముందు నిలబడి వచ్చిన మనిషి. చెవుల వెనక ఇంకా తెల్లటి పిండి అంటుకునే ఉంది. చేతులు మాత్రం ఖాళీ. కూతురి కోసం వెచ్చటి బన్ను పొట్లం కట్టుకుని రావడం మానేసి చాలా రోజులైంది.

"బేకరీలో శుభ్రంగా కడుక్కునే వచ్చానే," అన్నాడు నీరసంగా.

"కడుక్కుంటే పోతుందా ఆ మాయదారి ఈస్ట్? పిడికెడు పిండిని కుండంత చేస్తుందని మీరేగా చెప్పేవారు! పసిదాని ఒంట్లో దూరితే ఏం చేస్తుందో ఎవడికి తెలుసు? వాకిట్లో పంపు దగ్గర స్నానం చేసి, ఆ బట్టలు అక్కడే నానబెట్టి రండి."

"నాన్నా!" అంటూ కిటికీ గట్టు మీంచి దూకింది కూతురు. వాళ్ల నాన్న దాన్ని పిచ్చుక అంటాడు. దూకిన పిచ్చుక రెక్క పట్టుకుని ఆపేసింది తల్లి.

"ముట్టుకోకు. స్నానం అయ్యాక."

పిల్ల మూతి ముడుచుకుని మళ్లీ గట్టెక్కింది. ఊచలకు ముఖం ఆనించి, పంపు కింద తండ్రి తల తోముకోవడం చూస్తూ కూర్చుంది. ఎడమ చెంప ఎర్రగా కందిపోయి, దాని నిండా ఆవగింజల్లాంటి పొక్కులు. చూసినప్పుడల్లా తల్లికి అవే ప్రశ్నలు. ఇది చెంపతో ఆగుతుందా? కంట్లోకి పాకితే? మచ్చలు పడిపోతే?

"ఈస్ట్‌కి దూరంగా ఉంచండమ్మా, అదే తగ్గిపోతుంది," అన్నాడు చర్మం డాక్టరు, మొదటిసారి చూపించినప్పుడు. ఆయన పిల్లతో ఏవో కబుర్లాడుతున్నంతసేపూ ఆవిడ గోడకున్న రోగాల బొమ్మలే భయంగా చూస్తూ కూర్చుంది. చెవిన పడింది ఆ ఒక్క మాటే. అంతే, ఇంటికొచ్చి బ్రెడ్డు, బన్ను, కేకు అన్నీ బంద్ చేసింది. వచ్చిన కాస్త చదువుతోనే బిస్కెట్ డబ్బాల మీది చీమతలకాయంత అక్షరాలు కూడబలుక్కుని చదివి, అర్థం కానివన్నీ పక్కింటి పిన్నికి ఇచ్చేసింది.

ఆ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని పిన్ని నవ్వింది. "తిండంతా మానిపించావు. ఇక మిగిలింది మొగుడొక్కడే కదే తల్లీ!"

ఆవిడకి నవ్వు రాలేదు. ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

మాస్టరు తల తుడుచుకుంటూ లోపలికి రాగానే అనేసింది. "ఆ పని మానేయండి. ఏ సరుకుల బండైనా తోలుకోవచ్చు."

"నాకు చేతనైంది ఇదొక్కటే కదే."

"దాని చెంప చూసి ఆ మాట అనండి."

అతను చూశాడు. తర్వాత తన అరచేతులు చూసుకున్నాడు. పిండి పిసికి పిసికి మెత్తబడిన చేతులు. కూతుర్ని ఎత్తుకుని ఎన్నాళ్లయిందో వాటికి.

"సరే. సాయంత్రం డాక్టరుకి చూపించి, అటు నుంచి అటే వెళ్లి యజమానికి చెప్పేస్తాను," అన్నాడు. ఆ పూట అన్నం సగంలోనే లేచాడు.

సాయంత్రం డాక్టరు చెంప చూస్తూనే నొసలు ముడిచాడు.

"ఇదేంటమ్మా, ముదరబెట్టుకొచ్చారు? దూరంగా ఉంచమన్నానుగా!"

ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఉంచుతూనే ఉన్నాం డాక్టరు గారూ! బ్రెడ్డు ముక్క గుమ్మం తొక్కనివ్వట్లేదు. ఈయన బేకరీ నుంచి వస్తే వాకిట్లో స్నానం చేయించి గానీ ఇంట్లోకి రానివ్వను. పిల్లని ఎత్తుకోనివ్వను. ఇవాళ్టితో ఆ పని కూడా మానేస్తున్నారు. ఇంకేం మానమంటారో చెప్పండి!"

మాస్టరు తలుపు దగ్గరే, చేతులు వెనక్కి పెట్టుకుని తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

డాక్టరు ఆవిడ వంకా, అతని వంకా మార్చి మార్చి చూశాడు. కలం బల్ల మీద పెట్టి పిల్ల వైపు వంగాడు.

"ఏమ్మా, పొద్దున్నే నాన్న కోసం ఇంకా ఆ కిటికీలోనే కూర్చుంటున్నావా?"

"ఊఁ. ఇప్పుడింకా ఎక్కువసేపు," అంది పిచ్చుక. "నాన్న స్నానం అయ్యేదాకా."

డాక్టరు తల పట్టుకున్నాడు.

"ఈస్ట్ అంటే రొట్టెల్లో వేసేది కాదు తల్లీ, తూర్పు! పొద్దుటెండ పడే ఆ తూర్పు కిటికీకి దూరంగా ఉంచమన్నాను గానీ, వాళ్ల నాన్నకి కాదు."