వీపుసంచిలో లుంగీ

"హనోయ్‌లో అన్నం దొరకదటండీ?" అంటూ ఛాయాదేవి వీపుసంచిలోంచి రైస్ కుక్కర్‌ను మూడోసారి బయటికి తీసింది. మొగుళ్ళను మ్యూనిక్‌లోనే వదిలేసి, స్నేహితురాళ్ళతో పదిరోజులు వియత్నాం వెళ్ళి హనోయ్ అంతా తిరిగిరావాలని ఆమె పట్టుదల.

"దొరికినా అది మన సోనామసూరి కాదు కదోయ్! గోంగూర కూడా తీసేశావా?" అన్నాడు భర్త రవీంద్రనాథ్.

విసుగొచ్చి ఆమె సంచిని మంచం మీద బోర్లించింది. పచ్చడి సీసాల వెనకే ఆయన గళ్ళ లుంగీ, బీపీ మాత్రలు జారిపడ్డాయి.

"ఈ లుంగీ కూడా నేనే కట్టుకోవాలా?"

ఆయన కిటికీలోంచి ట్రామును శ్రద్ధగా చూస్తూ, "ఏమో, మీలో చోటుంటే..." అని నసిగాడు.

ఛాయాదేవి నవ్వాపుకుని స్నేహితురాళ్ళకు ఫోన్ చేసింది. మధ్యాహ్నం అందరికీ పప్పు వడ్డిస్తూ పిల్లలతో మెల్లగా చెప్పింది.

"మీ నాన్న కూడా వస్తున్నారు. హాస్టల్లో మేము ఆడవాళ్ళ గదిలో, ఆయన కుర్రాళ్ళ గదిలో పై బంకు మంచం మీద."