తువ్వాలు కింద ధర

భానుశ్రీ, బెల్లం వేలానికి కంప్యూటరు వద్దంటున్నది నేనేనని ఫోన్లో దెప్పావు. నేను కాదే, నా మరిది, మీ చిన్నతాత మల్లేశ్వరరావు.

అనకాపల్లిలో రైతుల బెల్లం అమ్మిపెడుతూ పోటీపడే మా దుకాణాలన్నీ కలిసి ఇకమీదట ఒకే స్క్రీను మీద బేరాలాడాలని ఒప్పుకున్నాయి. మన సంతకం ఒక్కటే మిగిలింది. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పే చోట ఆడదాని చెయ్యి ఎవరూ పట్టుకోరు కనక, ఇన్నేళ్లూ నా ధర మీ చిన్నతాత వేళ్లే చెప్పాయి. ఇక నేనే చెప్పుకుంటానని పొద్దున్న కలం తీశాను.

"ఆగండి వదినా. మీరు చెప్పినదానికంటే మన సరుకు ఎప్పుడూ ఎక్కువకే పోయేది కదా?"

"మన బెల్లం అలాంటిది."

"బెల్లం కాదు వదినా. మీ ధర కొనీవోళ్లకి నేనెప్పుడూ చెప్పనేదు. రైతులు మునిగిపోతారని ఎక్కువే అడిగీవోణ్ణి."

"మరి నాకు చెప్పలేదేటి?"

"చెప్తే ఊరుకుంటారేటి?"

ఊరుకోను, నిజమే. సంతకం పెట్టేశాను.

సోమవారం మొదటి వేలం. ఆయన కుర్చీ నా పక్కనే వేయించాను. ఈలోగా దగ్గరి చూపు కళ్లజోడు ఒకటి చేయించి బస్సులో పంపు. నాక్కాదు, స్క్రీను మీద అంకెలు చూసి నాకు ధర చెప్పాల్సిన ఆయనకి. నంబరు ఆయన్నే అడుగు. నేను అడగమన్నానని మాత్రం చెప్పకు.