లైఫ్‌బోట్ తుడిచే మనిషి

"జెమీమా! చెయ్యి తియ్యి!"

దేవమణి కేకకి మ్యూజియం మొత్తం ఉలిక్కిపడింది.

మొత్తం అంటే ముగ్గురే. కౌంటర్ దగ్గర మోరా అనే ఆవిడ, తొమ్మిదేళ్ళ జెమీమా, ఒక ముసలాయన.

పాత లైఫ్‌బోట్ అంచు మీద చెయ్యి వేసి చూడమని పిల్లను పిలిచింది ఆ ముసలాయనే. చేతిలో తడిగుడ్డ, కాళ్ళ దగ్గర బకెట్.

"రూల్స్ తెలియవా మీకు? ఎవరెవరు ముట్టుకున్నారో ఏమో!" అంది దేవమణి ఇంగ్లీషులో, పిల్ల అరచేతిలో శానిటైజర్ పోస్తూ.

"క్షమించండి. ఇప్పుడే తుడిచాను" అంటూ ఆయన రెండు మీటర్లు వెనక్కి జరిగాడు.

"మామ్, ఇట్స్ గ్రాండ్! హీ క్లీన్డ్ ఇట్!"

"గ్రాండూ లేదు, గీండూ లేదు. ఇటు రా."

దేవమణి ఐరిష్ నగరం కార్క్‌లో నర్సు. మార్చి నుంచి కోవిడ్ వార్డులోనే డ్యూటీ. పిల్లను స్నేహితురాలు ఉమ ఇంట్లో ఉంచి, రెండు నెలలు కిటికీ అద్దంలోంచే చూసుకుంది. ఆగస్టులో ఆంక్షలు కాస్త సడలాయి. ఓడలంటే పడిచచ్చే కూతుర్ని, దొరికిన ఒక్క సెలవు రోజున, గంట దూరంలో ఉన్న ఈ రేవు ఊరికి తీసుకొచ్చింది.

కోపం తగ్గాక అప్పుడు చూసింది పడవని. పొడవునా ఒక బస్సంత ఉంది. అంతా చెక్క. పైన కప్పు కూడా లేదు.

"దీంట్లోనా సముద్రంలోకి వెళ్ళేవాళ్ళు?" అంది తనలో తను అనుకున్నట్టు.

"తుఫాన్లోనే వెళ్ళేవాళ్ళు" అన్నాడు ముసలాయన, ఉన్నచోటు నుంచే. "యాభై ఏళ్ళ కిందట ఒక సరుకుల ఓడ అదిగో, కిటికీలోంచి కనపడే ఆ రాళ్ళ మీదికెక్కింది. ఓడలో పధ్నాలుగు మంది. ఏడుగురు ఈ పడవేసుకుని వెళ్ళారు."

"నేవీవాళ్ళా?"

"కాదు. చేపలు పట్టేవాళ్ళు నలుగురు. రొట్టెల కొట్టాయన, పోస్ట్‌మాన్, డోనల్ అనే వడ్రంగి. మొదటిసారి ఏడుగురిని తెచ్చారు. రెండోసారి ఆరుగురిని."

"ఇంకొకరు?" అంది జెమీమా.

"ఒకడు మిగిలాడు. అప్పటికే ఓడ రెండు ముక్కలైంది. ఇక వెళ్ళొద్దని ఒడ్డునున్న వాళ్ళంతా అరిచారు. అయినా వెళ్ళారు."

"భయం వెయ్యలేదా?"

"వెయ్యకేం! చేతులు వణికి లైఫ్‌జాకెట్ తాళ్ళు ముడి పడలేదట. ఒకరివి ఒకరు కట్టుకున్నారట."

దేవమణికి తమ వార్డు గుర్తొచ్చింది.

మార్చిలో మొదటి డ్యూటీ. తన పీపీఈ గౌను వెనక తాళ్ళు తోటి నర్సు మేరీ కట్టింది, మేరీకి తను కట్టింది. ఇద్దరి వేళ్ళూ వణుకుతూనే ఉన్నాయి.

"మేమూ అంతే. నేను నర్సుని" అంది. గొంతు తగ్గింది. "వాళ్ళు అందరూ తిరిగొచ్చారా?"

"మిగిలినవాణ్ణి డోనల్ పడవలోకి లాగాడు. ఆ తర్వాతి అలకి డోనల్ లేడు."

తనకి తెలియకుండానే దేవమణి అరచెయ్యి పడవ చెక్క మీద వాలింది. గుడిలోనో చర్చిలోనో నిలబడినట్టు నిలబడిపోయింది.

"మాలోనూ ఒకరు తిరిగి రాలేదు" అంది చివరికి. "మేరీ. ఒక పేషెంట్ నుంచి అంటుకుంది. ఏప్రిల్లో పోయింది."

ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ పేషెంట్?"

"బతికాడు."

"అతని మీద మీకు కోపం రాలేదా?"

ఇంతవరకూ ఎవరూ ఆమెని ఆ మాట అడగలేదు.

"కోపమెందుకు? మేరీ పోయి అతనూ పోయుంటే నేను తట్టుకోలేకపోయేదాన్ని. అతను హాయిగా బతకాలి. మాకు మేరీ మిగిల్చింది అదే కదా."

ఆయన గిరుక్కున తిరిగి పడవ తుడవసాగాడు. తుడిచినచోటే తుడుస్తూ చాలాసేపు ఉండిపోయాడు.

వెళ్ళేటప్పుడు జెమీమా ఆయన పేరడిగింది.

"కెవిన్" అన్నాడు.

మళ్ళీ లాక్‌డౌన్ వచ్చింది. మ్యూజియం మూతపడింది.

మరుసటి జూలైలో తల్లీకూతుళ్ళు వచ్చేసరికి పడవ దగ్గర ఎవరూ లేరు. జెమీమా చేతిలో కెవిన్ కోసం గీసిన బొమ్మ ఉంది.

"ఫిబ్రవరిలో పోయారు, నిద్రలోనే" అంది మోరా. "చర్చిలోకి పదిమందినే రానిచ్చారు. కానీ ఊరు ఊరంతా రేవు దారి పొడుగునా, రెండేసి మీటర్ల దూరంలో నిలబడింది. గంటసేపు వాన. ఒక్కరూ కదల్లేదు."

దేవమణి కళ్ళు తుడుచుకుంది.

"ఎవరో క్లీనరనుకుని అరిచాను. తర్వాత అర్థమైంది, ఆ ఏడుగురిలో ఒకాయనని. ఒక్క దణ్ణమైనా పెట్టకుండా వెళ్ళిపోయాను."

మోరా ఆశ్చర్యంగా చూసింది.

"ఏడుగురిలోనా? కాదండీ. కెవిన్‌ది ఈ ఊరే కాదు, ఎక్కడో ఉత్తరాన డండాక్. డోనల్ తల్లికి ఇంకెవరూ లేరని ఇక్కడే ఉండిపోయారు. ముప్పై ఏళ్ళు, ఆవిడ పోయేదాకా కొడుకులా చూసుకున్నారు."

"మరి ఆయన..."

"రెండు ముక్కలైన ఓడలో మిగిలిపోయిన ఆ ఒక్కడూ కెవినే."